ఇసుకతో చేసిన సరస్వతి

బాసర అనగానే తెలుగువారి మనసులో మెదిలేవి మూడు: పలక, బలపం, పసుపు. వసంత పంచమి నాడు తెలంగాణ జిల్లాల నుంచీ, కోస్తా రాయలసీమల నుంచీ, ఎగువన నాందేడు వైపు మరాఠీ పల్లెల నుంచీ వచ్చిన తలిదండ్రులు పసిబిడ్డలను ఒళ్ళో కూర్చోబెట్టుకొని జ్ఞాన సరస్వతి సన్నిధిలో అక్షరాభ్యాసం చేయిస్తారు. బిడ్డ వ్రాసిన మొదటి అక్షరం వంకరగానే ఉంటుంది. ఆ రోజు దాన్ని చూసి ఎవరూ నవ్వరు. తల్లి మురిసిపోతుంది, తండ్రి ఆ పలకను భద్రంగా సంచిలో పెట్టుకుంటాడు. నవ్వడం తరువాత మొదలవుతుంది. బడిలో, బంధువుల ఇళ్ళలో, ఉద్యోగపు ఇంటర్వ్యూలలో. ఒకరి యాసను చూసి, ఒకరి రంగును చూసి, ఒకరి చదువు ఏ భాషలో సాగిందో చూసి.

లోపాలను అంగీకరించు, అవే నీకు బలాలవుతాయి అన్న మాట వ్యక్తిత్వ వికాస గ్రంథాలలో తరచు కనబడుతూ ఉంటుంది. వినడానికి బాగుంటుంది. అయితే అంగీకరించినంత మాత్రాన ఏ లోపమూ బలంగా మారినట్టు నేను చూడలేదు. మారిన సందర్భాలు మాత్రం చరిత్రలో ఉన్నాయి. అవి ఎట్లా మారాయి, ఎవరి చేతిలో మారాయి, ఎక్కడ మారకుండా ఆగిపోయాయి అన్నది తెలుసుకోవడానికి బాసరను మించిన చోటు లేదని నాకు తోస్తుంది. ఈ ఊరి పురాణమూ, ఈ ప్రాంతపు భాషాచరిత్రా, ఈ ఊళ్ళో 2008లో పుట్టిన విశ్వవిద్యాలయమూ, మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి.

ముందుగా పురాణం. స్థలపురాణం చరిత్ర కాదన్నది నిజమే. కానీ ఒక ప్రాంతపు ప్రజలు తరతరాలుగా ఏ కథను నిలుపుకున్నారన్నది మాత్రం చరిత్రే. కురుక్షేత్ర యుద్ధం ముగిసిన తరువాత వ్యాసుడు మనశ్శాంతి కోసం దక్షిణానికి వచ్చి ఈ గోదావరి తీరాన తపస్సు చేశాడని బాసర కథ. ప్రతిదినమూ నదిలో స్నానం చేసి, మూడు పిడికిళ్ళ ఇసుక తెచ్చి, మూడు చోట్ల పోసేవాడట. ఆ కుప్పలే క్రమంగా సరస్వతి, లక్ష్మి, కాళి మూర్తులయ్యాయట. వ్యాసుడున్న ఊరు కనుక వ్యాసపురి. అది మరాఠీ ప్రభావంతో వాసర అయి, ఆపైన బాసర అయిందని చెబుతారు.

ఈ కథలో నన్ను ఆపిన మాట ఇసుక. విగ్రహం చెక్కదలచిన శిల్పి రాతిని తట్టి, దాని నాదం విని, పగులు లేని శిలను ఎంచుకుంటాడు. ఇసుకకు నాదం లేదు. పట్టు లేదు. పిడికిట్లో బిగించేకొద్దీ వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. విగ్రహానికి పనికిరాని పదార్థం ఏదని అడిగితే ఎవరైనా ముందుగా ఇసుకనే చెబుతారు. చదువుల తల్లికి రూపం ఇవ్వడానికి ఈ ఊరి కథ ఆ పదార్థాన్నే ఎంచుకున్నది. ఈనాటికీ బాసరలో అమ్మవారి మూర్తికి పసుపు పూస్తారు. ఆ పసుపునే ప్రసాదంగా ఇస్తారు. నిలవని ఇసుక, రోజూ తెచ్చే పిడికెడు, పైన పూసే పసుపు. ఈ మూడింటిలో ఇసుక దోషాన్ని పోగొట్టినది ఏదీ లేదు. ఇసుక ఇసుకగానే ఉన్నది. దానితో పని ఆగలేదు, అంతే.

ఆ ఇసుకను మోసినవాడి కథ కూడా అటువంటిదే.

వ్యాసుడు యమునా ద్వీపంలో పుట్టాడు. తల్లి సత్యవతి పడవ నడిపే దాశరాజు ఇంట పెరిగిన పిల్ల; పెళ్ళికి ముందే కన్నది. నల్లని వాడు కనుక కృష్ణుడు, ద్వీపంలో పుట్టాడు కనుక ద్వైపాయనుడు. అంటే ఆయన పేరులోనే ఆయన రంగూ, ఆయన పుట్టుకా రెండూ ఉన్నాయి. లోకం వేలెత్తి చూపగల విషయాలు రెండింటినీ ఆయన పేరుగా ధరించాడు. భారతాన్ని చెప్పినవాడు ఆయనే. తన జన్మవృత్తాంతాన్ని ఆదిపర్వంలో తానే పెట్టాడు. నన్నయ 11వ శతాబ్దంలో ఆదిపర్వాన్ని తెనిగించినప్పుడు ఆ కథ తెలుగులోకి వచ్చింది. తన కావ్యంలో తాను పాత్రగా వచ్చే కవికి తనను అందగాడిగా వర్ణించుకునే అవకాశం ఉన్నది. వ్యాసుడు ఆ పని చేయలేదు. జడలు కట్టిన జుట్టు, మండే కళ్ళు, దుర్గంధం వేసే దేహం అని తనను తానే చెప్పుకున్నాడు.

విచిత్రవీర్యుడు సంతానం లేకుండా మరణించగా, వంశం నిలపమని సత్యవతి ఈ కొడుకునే పిలిచింది. ఒక సంవత్సరం వ్రతం చేసి రాణులు సిద్ధపడాలని వ్యాసుడు చెప్పాడు. అంత వ్యవధి లేదని తల్లి తొందరపెట్టింది. అయితే నా వికృత రూపాన్నీ, నా వాసననూ సహించడమే వారికి వ్రతం అన్నాడాయన. అంబిక కళ్ళు మూసుకున్నది. ధృతరాష్ట్రుడు గుడ్డివాడై పుట్టాడు. అంబాలిక వెలవెలబోయింది, పాండురాజు పాండువర్ణంతో పుట్టాడు. మూడవసారి అంబిక తనకు బదులు దాసిని పంపింది. ఆమె భయపడలేదు. ఆమె కడుపున విదురుడు పుట్టాడు.

ఈ కథను నీతికథగా చెప్పి రాణులను తప్పుపట్టేవారున్నారు. నాకది న్యాయంగా కనబడదు. ఆ ఇద్దరినీ ఎవరూ అడగలేదు, ఎవరూ సిద్ధం చేయలేదు. వ్యాసుడు కోరిన ఏడాది గడువు వారికి దక్కి ఉంటే కథ మరోలా ఉండేదేమో. ఎదుటివారి లోపాన్ని సహించడానికి కూడా కాలం కావాలని వ్యాసుడికి తెలుసు. తొందర పెట్టినవారికి తెలియలేదు.

ఆ ముగ్గురు బిడ్డలలో ఇద్దరిని పోల్చి చూస్తే మన ప్రశ్నకు మొదటి సమాధానం దొరుకుతుంది. ధృతరాష్ట్రుడికి చూపు లేనందువల్ల సింహాసనం మొదట దక్కలేదు. విదురుడికి దాసీపుత్రుడైనందువల్ల ఎన్నడూ దక్కదు. ఇద్దరి విషయంలోనూ దోషం వారిది కాదు. ఇద్దరికీ జరిగిన నష్టం ఒకటే. ధృతరాష్ట్రుడు ఆ నష్టాన్ని జీవితమంతా మనసులో మోశాడు. తనకు దక్కనిది కొడుకుకు దక్కాలని కోరుకున్నాడు. ఎదురుగా అన్యాయం జరుగుతుంటే తన అశక్తత వెనుక దాక్కున్నాడు. విదురుడు అదే సభలో కూర్చున్నాడు. పోగొట్టుకోవడానికి తనకు రాజ్యం లేదు కనుక రాజుకు నచ్చని మాట చెప్పగలిగాడు. ద్యూతసభలో పెద్దలు తలలు వంచుకున్నప్పుడు నోరు తెరిచిన కొద్దిమందిలో ఆయన ఒకడు. దుర్యోధనుడు పుట్టుకను ఎత్తి పొడిచినా ఆయన మాట మారలేదు. నిద్రపట్టని రాత్రి ధృతరాష్ట్రుడు కబురంపి పిలిపించుకున్నది ఈ తమ్ముణ్ణే. ఆ రాత్రి చెప్పినదే విదురనీతి.

విదురుడి పుట్టుక బలంగా మారిందా? మారలేదు. చివరిదాకా ఆయన దాసీపుత్రుడే. ఆ పుట్టుక ఆయనను ఒక చోట కూర్చోబెట్టింది. సింహాసనానికి దగ్గరగా, కానీ దాని మీద ఆశ పెట్టుకోలేనంత దూరంగా. ఆ చోటు నుంచి మాత్రమే కనబడే సత్యాన్ని ఆయన చూశాడు, చూసినది చెప్పాడు. ఆయన బలం అందులో ఉన్నది. లోపం మనిషిని ఇతరులు నిలబడని చోట నిలబెడుతుంది. అక్కడి నుంచి చూసి, నేర్చుకొని, పని చేస్తే బలమవుతుంది. కన్ను మూసుకుంటే ధృతరాష్ట్రుడి దుఃఖమవుతుంది.

* * *

ఇక చరిత్రకు వద్దాం. బాసర ఉన్నది సరిహద్దులో. నిజామాబాదు నుంచి రైలెక్కితే గోదావరి వంతెన దాటగానే వచ్చే ఈ ఊరి చుట్టుపక్కల తెలుగు, మరాఠీ, ఉర్దూ కలగలిసి వినబడతాయి. ముధోల్, భైంసా, కుబీరు ప్రాంతాలు హైదరాబాదు సంస్థానపు నాందేడు జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఇవి ఆంధ్రప్రదేశ్‌లోకి, ఆదిలాబాదు జిల్లాలోకి వచ్చాయి. అదే రోజు ఆదిలాబాదు జిల్లా నుంచి రాజురా, కిన్వట్ ప్రాంతాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్ళిపోయాయి. 2016లో జిల్లాల విభజన జరిగి బాసర నిర్మల్ జిల్లాలో చేరింది. పటం మీద గీతలు ఇన్నిసార్లు మారినా, ఆ గీతకు రెండు వైపులా ఉన్న ఇళ్ళలో మాట్లాడే భాషలు మారలేదు.

ఇటువంటి చోట పుట్టినవారికి ఒక నింద పుట్టుకతో వస్తుంది: మీది శుద్ధమైన తెలుగు కాదు అని. నిజాం పాలనలో చదువు ఉర్దూలో సాగింది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే. తెలుగు ఇంట పుట్టిన పిల్లవాడు లెక్కలూ, చరిత్రా, విజ్ఞానశాస్త్రమూ ఉర్దూలో నేర్చుకొని, ఇంటికి వచ్చి తల్లితో తెలుగులో మాట్లాడేవాడు. అక్కడి నుంచి కోస్తా జిల్లాల పండితుల ముందుకు వెళితే అతని తెలుగు తక్కువదిగా కనబడేది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట కూడా ఒక పండితుడు వ్రాయగా, దానికి సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. 354 మంది తెలంగాణ కవులు అందులో కనబడ్డారు. నింద అబద్ధమైనప్పుడు ఇవ్వవలసిన సమాధానం అది. వాదం కంటే లెక్క గట్టిది.

ఆ సంచిక ఒక నిందకు జవాబు చెప్పింది. రెండవ నింద మిగిలింది. కవులున్నారు సరే, ఉర్దూ కలిసిన చదువు సంగతి ఏమిటి? దానికి లెక్కతో జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. ఉర్దూలో చదువుకున్న మాట వాస్తవమే. దీనికి జవాబును ఉత్తర తెలంగాణకు చెందిన ఇద్దరు తమ జీవితాలతో చెప్పారు.

మొదటివారు సామల సదాశివ. 1928లో ఆదిలాబాదు జిల్లా తెనుగుపల్లెలో జన్మించి, ఉపాధ్యాయవృత్తిలో ఆదిలాబాదు ప్రాంతంలోనే జీవితం గడిపారు. తెలుగు, ఉర్దూ, ఫారసీ, మరాఠీ, హిందీ, సంస్కృతాలలో ప్రవేశం సంపాదించారు. రాజధానికి దూరంగా, రెండు రాష్ట్రాల అంచున ఉన్న ఊళ్ళో ఉండటం రచయితకు పెద్ద కొరత. పత్రికలూ, సభలూ, గ్రంథాలయాలూ వేరేచోట ఉంటాయి. అయితే ఆ అంచునే ఉన్నందువల్ల ఆయనకు మూడు సాహిత్యాలు ఒకేసారి వినబడ్డాయి. ఉర్దూ సాహిత్య చరిత్రను తెలుగులో వ్రాశారు. అంజద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగు చేశారు. ఆ అంజద్ 1908 మూసీ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకొని ఒంటరిగా మిగిలిన కవి. ఆయన శోకం తెలుగు పాఠకుడిదాకా రావడానికి, ఆ రెండు భాషలనూ ఒకే గొంతుతో పలకగలిగిన ఒక సరిహద్దు మనిషి కావలసి వచ్చాడు.

సదాశివ గారి మరొక సాహసం హిందూస్తానీ సంగీతాన్ని గురించి వ్రాయడం. ఆయన కచేరీలు చేసే గాయకుడు కారు. ఆ లోటును కప్పిపుచ్చడానికి శాస్త్ర పరిభాషను అడ్డం పెట్టుకోలేదు. శ్రోతగా, రసికుడిగా ముందుకు వచ్చి, ఉస్తాదుల జీవితాలనూ, ఘరానాల కథలనూ ముచ్చట చెప్పినట్టు చెప్పారు. పాడలేనివాడు వినడంలో ఎంత దూరం వెళ్ళగలడో ఆ పుస్తకాలు చూపుతాయి. ఆ వ్యాసాల సంపుటి స్వరలయలుకు 2011 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తన జ్ఞాపకాలకు ఆయన పెట్టుకున్న పేరు యాది. పుస్తకభాషలో జ్ఞాపకం అనో, స్మృతి అనో అనవచ్చు. తెలంగాణ ఇళ్ళలో నలిగిన ఆ ఉర్దూ మూలపు మాటనే ఆయన పుస్తకం నుదుటి మీద వ్రాశారు. వ్యాసుడు తన రంగును పేరుగా ధరించినట్టే. 2012లో ఆయన మరణించేనాటికి ఆ మాటను మోటు అనేవారు తగ్గిపోయారు.

రెండవవారు సి. నారాయణరెడ్డి. 1931లో అప్పటి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టారు. బడి చదువూ, ఉస్మానియాలో పట్టభద్రత దాకా చదువూ ఉర్దూ మాధ్యమంలోనే. తెలుగు ఆచార్యుడు కావలసినవానికి ఇది మామూలుగా చూస్తే లోటే. అటువంటి మనిషి తెలుగులో ఎం.ఏ. చేసి, 1962లో డాక్టరేటు పొంది, ఉస్మానియాలోనే తెలుగు బోధించారు. విశ్వంభర కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందారు. విశ్వనాథ సత్యనారాయణ తరువాత ఆ గౌరవం పొందిన రెండవ తెలుగు కవి ఆయన.

ఆ ఉర్దూ చదువు ఏమయింది? అది పోలేదు, గజలుగా తిరిగి వచ్చింది. తెలుగు పద్యంలో ప్రాస పాదం మొదట్లో, రెండవ అక్షరంలో ఉంటుంది. గజలులో ఆయువుపట్టు చరణం చివర ఉంటుంది. అక్కడ ఒక మాట తిరిగి తిరిగి వస్తుంది, దాన్ని రదీఫు అంటారు. దానికి ముందు ఒకే ధ్వనితో ముగిసే మాటలు వస్తాయి, దాన్ని కాఫియా అంటారు. మొదటి అక్షరాల మీదనే చెవి నిలిపిన సంప్రదాయంలో పెరిగినవానికి చివరి అక్షరాల మీద ఆ మక్కువ పుట్టడం కష్టం. నారాయణరెడ్డి గారి చెవి చిన్ననాటినుంచీ రెండు చోట్లా నిలిచింది. ఆయన తెలుగులో గజళ్ళు వ్రాసి, తానే పాడి వినిపించారు. 1962లో గులేబకావళి కథతో మొదలైన ఆయన సినిమా పాటలలోని అంత్యప్రాసల మీద ఉన్న ప్రీతికి కూడా మూలం అక్కడే ఉన్నదని నా అభిప్రాయం. వరంగల్లు ప్రాంతంలో పుట్టి, తానూ ఉర్దూ చదువుకున్న దాశరథి గాలిబు గజళ్ళను గాలిబ్ గీతాలుగా తెనిగించి ఆ దారిని ముందే చదును చేసి ఉంచారు.

ఈ ఇద్దరూ తమ చదువులోని ఉర్దూను దాచుకొని ఉంటే ఏమయ్యేది? మరో ఇద్దరు శుద్ధమైన తెలుగు వ్రాసే పండితులు మనకు ఉండేవారు. అటువంటివారు మనకు కొరత లేదు.

* * *

మూడవ కథ మన కాలానిది. 2008లో ప్రభుత్వం గ్రామీణ విద్యార్థుల కోసం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పి, బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో మూడు ప్రాంగణాలు ప్రారంభించింది. జనం నోట అది బాసర ట్రిపుల్ ఐటీ. పదవ తరగతి పూర్తి కాగానే పిల్లలను చేర్చుకొని, మొదటి రెండేళ్ళు ఇంటర్మీడియెట్ స్థాయి చదువు, తరువాత నాలుగేళ్ళు ఇంజనీరింగు, మొత్తం ఆరేళ్ళు అక్కడే ఉంచి చదివించడం పద్ధతి. ప్రవేశపరీక్షల కోచింగుకు డబ్బు పెట్టలేని ఇళ్ళ పిల్లలకు పదవ తరగతి ఫలితాలే ద్వారమయ్యాయి.

ఇక్కడ ఒక చిన్న అంకె గురించి చెప్పాలి. పదవ తరగతిలో గ్రేడ్ల పద్ధతి ఉన్న సంవత్సరాలలో, వసతి లేని ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన విద్యార్థుల గ్రేడు పాయింట్ల సగటుకు 0.4 కలిపి ప్రవేశాల జాబితా తయారు చేసేవారు. ఇంగ్లీషులో దాన్ని డిప్రివేషన్ స్కోరు అన్నారు. లేమికి ఇచ్చిన మార్కు అని మనం చెప్పుకోవచ్చు. కొందరు దాన్ని దయ అన్నారు. నాకది లెక్క సరిచేయడంగా కనబడుతుంది. ఎదురుగాలిలో వంద గజాలు పరుగెత్తిన పిల్లవాడి కాలాన్నీ, అనుకూలమైన గాలిలో పరుగెత్తినవాడి కాలాన్నీ ఒకే గడియారంతో కొలిచి పోల్చలేము. తల్లిదండ్రులకు చదువు రాని ఇంట్లో, ఉపాధ్యాయుల కొరత ఉన్న బడిలో తెచ్చుకున్న తొమ్మిదిన్నరలో, అంకె చూపని నేర్పు మరికొంత ఉన్నది. ఒంటరిగా చదువుకోవడం, అడగడానికి ఎవరూ లేనప్పుడు తానే దారి వెదుక్కోవడం ఆ నేర్పు. ఆ 0.4 దానిని కాగితం మీదికి తెచ్చింది.

ఈ విశ్వవిద్యాలయానికి మొదటి కులపతి ఆచార్య రాజ్ రెడ్డి. 1937లో శ్రీకాళహస్తి సమీపంలోని కాటూరు పల్లెలో పుట్టారు. పలక కూడా దొరకని రోజులలో ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. వారి కుటుంబంలో కళాశాల మెట్లెక్కిన మొదటి మనిషి. గిండీలో ఇంజనీరింగు, ఆస్ట్రేలియాలో పైచదువు, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు. 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందారు. కంప్యూటరు శాస్త్రంలో అంతకు మించిన గౌరవం లేదు, ఆసియా నుంచి అది పొందిన మొదటివారు ఆయన.

ఆయన సాధన చేసిన విషయం యంత్రానికి మనిషి మాటను అర్థం చేయించడం. మనిషి మాట లోపాల పుట్ట. ఒకరి యాస ఒకరికి రాదు. మాటలు కలిసిపోతాయి, అక్షరాలు మింగబడతాయి, పక్కన చప్పుడు ఉంటుంది. శుద్ధంగా పలికితేనే వింటానని కూర్చునే యంత్రం ఎన్నటికీ పనికిరాదు. 1970ల్లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం నిర్మించిన హియర్‌సే అనే వ్యవస్థ వేరే దారి పట్టింది. ధ్వని తెలిసిన భాగం ఒకటి, పదాలు తెలిసిన భాగం ఒకటి, వాక్యనిర్మాణం తెలిసిన భాగం ఒకటి. ఏ ఒక్కదానికీ పూర్తిగా తెలియదు. ప్రతి ఒక్కటీ తన ఊహను ఉమ్మడిగా ఉన్న ఒక నల్లబల్ల మీద వ్రాస్తుంది. మిగిలినవి దాన్ని చూసి తమ ఊహలను దిద్దుకుంటాయి. అందరి అసంపూర్ణ జ్ఞానమూ కలిసి సరైన వాక్యం దగ్గరికి చేరుతుంది. తెలియనితనాన్ని దాచకుండా బల్ల మీద పెట్టడమే ఆ వ్యవస్థ పనిచేసే తీరు. మాటలోని లోపాన్ని ముందే లెక్కలోకి తీసుకున్న శాస్త్రజ్ఞుడు, చదువులోని లేమిని లెక్కలోకి తీసుకున్న విశ్వవిద్యాలయానికి కులపతి కావడం నాకు ఎంతో తగినట్టుగా తోస్తుంది.

ఇంతవరకూ చెప్పి ఆగితే ఈ వ్యాసం కూడా వ్యక్తిత్వ వికాస గ్రంథమే అవుతుంది. కనుక మిగిలినది కూడా చెప్పాలి.

2022 జూన్ నెలలో బాసర విద్యార్థులు దాదాపు వారం రోజులపాటు ఎండలో, వానలో ప్రాంగణంలో కూర్చొని నిరసన తెలిపారు. వారు కోరినవి పన్నెండు. శాశ్వత ఉపకులపతిని నియమించడం, అధ్యాపకులను నియమించడం, వసతులూ భోజనమూ మెరుగుపరచడం వాటిలో ఉన్నాయి. మరుసటి నెలలోనే అక్కడి భోజనం తిని పెద్ద సంఖ్యలో విద్యార్థులు అస్వస్థులయ్యారు. పల్లె నుంచి వచ్చిన పదిహేనేళ్ళ పిల్లవాడు తన ఇంగ్లీషు తడబాటును ఒప్పుకొని, దాన్ని దాటడానికి రాత్రింబవళ్ళు కష్టపడగలడు. అది అతని పని. పాడైన అన్నాన్ని ఒప్పుకోవడం అతని పని కాదు. ఖాళీగా ఉన్న అధ్యాపకుడి కుర్చీని బలంగా మార్చుకోవడం అతనికి చేతకాదు, చేతకావలసిన అవసరమూ లేదు.

లోపాలను బలాలుగా మార్చుకోమని బోధించేవారు తరచు చేసే పొరపాటు ఇదే. మనిషిలోని కొరతకూ, మనిషికి జరిగిన అన్యాయానికీ తేడా చూడరు. రెండింటినీ ఒకే గంపలో వేసి, ఓర్చుకోమంటారు. సురవరం ప్రతాపరెడ్డి ఆ తేడా చూశారు. కవులు లేరన్న అబద్ధాన్ని ఆయన అంగీకరించలేదు, 354 పేర్లతో తిప్పికొట్టారు. సదాశివ, నారాయణరెడ్డి గార్లు కూడా చూశారు. తమ చదువులో ఉర్దూ ఉన్నదన్న నిజాన్ని ఒప్పుకొని పనిలో పెట్టారు. ద్యూతసభలో విదురుడు కూడా ఆ తేడా చూశాడు. తన పుట్టుకను గురించిన ఎత్తిపొడుపును సహించాడు. ద్రౌపదికి జరిగిన అన్యాయాన్ని సహించలేదు. నిజమైన కొరతను దాచకూడదు. అబద్ధపు నిందను మోయకూడదు. అన్యాయాన్ని గుణపాఠం అని పిలవకూడదు. ఈ మూడింటినీ విడదీసి చూడగలగడమే అసలు విద్య అని నాకనిపిస్తుంది.

ఇంకొక సంగతి కూడా ఈ కథలన్నిటిలో ఉన్నది. ఎవరి లోపమూ ఒంటరిగా బలం కాలేదు. విదురుడి మాటకు వినే సభ ఉన్నది, విన్నా వినకపోయినా. సదాశివ గారికి యాది వంటి మాటను తమదిగా గుర్తుపట్టిన పాఠకులున్నారు. బాసర పిల్లలకు 0.4 అనే అంకె వ్రాసిన చేయి ఒకటి ఉన్నది. వంకర అక్షరం వ్రాసిన బిడ్డ వేలిని పట్టుకునే చేయి వంటిదే అది. ఆ చేయి లేనిచోట లోపాన్ని ప్రేమించమని చెప్పే మాట ఉత్త మాటగా మిగులుతుంది.

పసిబిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకొని బాసరలో అక్షరాలు దిద్దించే తలిదండ్రులకు ఒక విన్నపం. ఆ బిడ్డ రేపు నల్లగా ఉన్నదని ఎవరో అంటారు, యాస బాగోలేదని మరొకరంటారు, సర్కారు బడి చదువని ఇంకొకరంటారు. ఆనాడు ఈ ఊరి కథ చెప్పండి. చదువుల తల్లిని చేసినవాడు నల్లనివాడనీ, ఆ సంగతి తన పేరులోనే పెట్టుకున్నాడనీ, ఆయనకు దొరికినది ఇసుకేననీ, ఆయన రోజుకు మూడు పిడికిళ్ళే తెచ్చాడనీ చెప్పండి.